డీ డ్రైవ్‌ల పెడితే ఏం గాదు

2011 ఎండాకాలంలో నేనొక డీవీడీ తయారు చేశాను. దాంట్లో తొమ్మిది విండోస్‌లు ఉండేవి. డిస్కు మీద నల్ల మార్కర్‌తో "విన్ 7 - 9 ఇన్ 1" అని రాసి, కింద చిన్నగా నా పేరు పొడి అక్షరాలు కూడా వేసుకున్నాను, సినిమా తీసినోడు టైటిల్స్‌లో పేరు వేసుకున్నట్టు. పెద్దేముల్‌లో, తాండూరులో, చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలో ఆ డిస్కు ఎన్ని కంప్యూటర్లలోకి వెళ్ళిందో నాకు లెక్క తెలీదు. ఒక్క కంప్యూటర్ సంగతి మాత్రం తెలుసు. నేను చెప్పాల్సింది దాని గురించే.

మాది పెద్దేముల్. అప్పటికి రంగారెడ్డి జిల్లా. 2016లో వికారాబాద్ జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చాం. మా నాయిన తాండూరులో బండల పాలిష్ యూనిట్‌లో పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే జుట్టు మీద, కనుబొమ్మల మీద బూడిదరంగు దుమ్ము. నేను తాండూరులోనే డిగ్రీ చదివేవాణ్ణి, కంప్యూటర్స్ గ్రూపు. మా ఇంట్లో కంప్యూటర్ సెకండ్‌హ్యాండ్‌ది. రైల్లో సికింద్రాబాద్ పోయి, పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో (అందరం సీటీసీ అనేవాళ్ళం) ఒక షాపులో మదర్‌బోర్డు, ఇంకో షాపులో ర్యామ్ బేరమాడి కొని, క్యాబినెట్‌ని ఒళ్ళో పెట్టుకుని ప్యాసింజర్లో ఇంటికి తెచ్చుకున్నాను.

నా దోస్తు ఒకడు తాండూరులో కంప్యూటర్ రిపేర్ షాపులో పనిచేసేవాడు. ఇంటర్ దాకా ఇద్దరిదీ ఒకటే బెంచీ. నేను పాసయ్యాను, వాడు రెండు సబ్జెక్టులు తప్పాడు. అంతే తేడా. కాలేజీ అయిపోగానే వాడి షాపు వెనక గదిలో పోయి కూర్చునేవాణ్ణి. రిపేర్‌కు బయటికి పోయేటప్పుడు వాడు ఒక రెక్సిన్ బ్యాగు వేసుకునేవాడు. దాన్నిండా డిస్కులు. ఎక్స్‌పీ హోమ్ ఒకటి, ఎక్స్‌పీ ప్రొఫెషనల్ ఒకటి, విండోస్ 7లో 32 బిట్ ఒకటి, 64 బిట్ ఒకటి, డ్రైవర్ల డిస్కులు వేరే. దుమ్ముకు గీతలు పడేవి. సరిగ్గా కావాల్సిన డిస్కే ఆ రోజు ఎనభై ఐదు శాతం దగ్గర ఆగిపోయేది. అంత దూరం సైకిల్ మోటార్ మీద పోయి, ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడు. "అన్నీ ఒక్కదాంట్ల ఉంటే మస్తుండురా," అన్నాడొకసారి. వాడు ఊరికే అన్నాడు. నాకది పట్టుకుంది.

ఎక్స్‌పీ కాలంలో ఇది గారడీ లాంటి పని. ఎక్స్‌పీ సెటప్ తన ఫైళ్ళ కోసం ఐ386 అనే ఫోల్డర్‌ను వెతుక్కుంటుంది. ఆ పేరు బూట్ ఫైల్లో రాసిపెట్టి ఉంటుంది. రెండు ఎక్స్‌పీలను ఒక డిస్కులో పెట్టాలంటే హెక్స్ ఎడిటర్‌తో ఆ ఫైల్ తెరిచి, ఆ పేరు తీసేసి, సరిగ్గా నాలుగు అక్షరాలే ఉండే ఇంకో పేరు పెట్టాలి. ఒక్క అక్షరం ఎక్కువైనా డిస్కు లేవదు. తర్వాత సీడీఇమేజ్ అనే చిన్న ప్రోగ్రాంతో మొత్తాన్ని ఐఎస్ఓగా కట్టాలి. దానికొక సుగుణం ఉండేది. చెబితే, రెండు ఫోల్డర్లలో అచ్చం ఒకేలా ఉన్న ఫైళ్ళను ఒక్కసారే రాసి, రెండు చోట్ల నుంచీ దాన్నే చూపించేది. 700 ఎంబీ సీడీలో ఎక్స్‌పీ హోమ్, ప్రొఫెషనల్ రెండూ పట్టడం ఈ కిటుకు వల్లే. మనకు వేరు వేరు ధరలకు అమ్మే రెండు సరుకుల్లో చాలా భాగం ఒకటేనని నాకు మొదటిసారి తెలిసింది అక్కడే.

విండోస్ 7కి వచ్చేసరికి ఆ సంగతి దాచుకోవాల్సిన అవసరం కూడా లేకుండా పోయింది. విస్టా నుంచి మైక్రోసాఫ్ట్ వాళ్ళు సెటప్ ఫైళ్ళన్నిటినీ ఇన్‌స్టాల్ డాట్ విమ్ అనే ఒకే పెద్ద ఫైల్లో పెట్టడం మొదలుపెట్టారు. ఈ విమ్ పద్ధతిలో ప్రతి ఫైలుకూ, దాని లోపలి సరుకును బట్టి లెక్కగట్టిన ఒక గుర్తు ఉంటుంది. పేరు ఏదైనా, ఏ ఫోల్డర్‌లో ఉన్నా, లోపల సరుకు ఒకటే అయితే గుర్తూ ఒకటే. అలాంటిది ఒక్కసారే దాచిపెడతారు. ఎడిషన్ అంటే ఆ కుప్పలోంచి ఏవేవి తీసుకోవాలో చెప్పే జాబితా. స్టార్టర్, హోమ్ బేసిక్, హోమ్ ప్రీమియం, ప్రొఫెషనల్, అల్టిమేట్ అని అయిదు జాబితాలు, వాటికి ఒకటి నుంచి అయిదు దాకా నంబర్లు. కుప్ప ఒకటే.

అంటే షాపులో "అల్టిమేట్" అని అమ్మే డిస్కులోనూ, "హోమ్ బేసిక్" అని అమ్మే డిస్కులోనూ అయిదూ ఉంటాయి. మరి సెటప్ మనకు ఒక్కటే ఎందుకు చూపిస్తుంది? సోర్సెస్ ఫోల్డర్‌లో ఈఐ డాట్ సీఎఫ్‌జీ అని ఒక చిన్న ఫైలుంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే నాలుగైదు లైన్లు. ఈ డిస్కు ఫలానా ఎడిషన్‌ది అని అందులో రాసి ఉంటుంది. దాన్ని తీసేసి డిస్కు కొట్టుకుంటే చాలు, సెటప్ అయిదు పేర్లూ వరసగా చూపించి ఏది కావాలో ఎంచుకోమంటుంది. ఆ రాత్రి ఆ వరస తెర మీద చూసి నేను లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను.

వాటిలో హోమ్ బేసిక్ అనేదాన్ని మన దేశం లాంటి చోట్లలోనే అమ్మేవారు. అమెరికాలో అది దొరికేది కాదు. స్టార్టర్‌లో డెస్క్‌టాప్ వెనక బొమ్మ కూడా మార్చుకోనిచ్చేవారు కాదు. స్టార్టర్ ఉన్నవాడు డబ్బు కట్టి పై ఎడిషన్ తాళంచెవి కొంటే, ఇంకో డిస్కు అవసరం లేకుండా కొద్ది నిమిషాల్లో ఆ మెషీనే హోమ్ ప్రీమియం అయ్యేది. సరుకంతా ముందే లోపల ఉంది, చెవే లేదు. మా వైపు ఆ చెవి కొన్నవాణ్ణి నేను ఒక్కణ్ణీ చూడలేదు. అందరివీ దొంగ చెవులే. నాదీ అంతే. అది తప్పని అప్పుడు అనిపించలేదు. నేను ఒప్పుకోవాల్సిన పెద్ద తప్పు వేరే ఉంది కాబట్టి దీన్ని ఇక్కడితో వదిలేస్తున్నాను.

ఇక మిగిలింది 32, 64 బిట్లను కలపడం. 64 బిట్‌లో స్టార్టర్ లేదు కాబట్టి అటువైపు నాలుగే. ఇమేజ్‌ఎక్స్ అనే పనిముట్టు కోసం మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఉచితంగా ఇచ్చే ఒక పెద్ద కిట్ దించుకోవాలి, ఒకటిన్నర జీబీ పైమాటే. తాండూరులో ఒక నెట్ సెంటర్ వాణ్ణి బతిమాలి రెండు రాత్రులు డౌన్‌లోడ్ పెట్టించాను. 64 బిట్ విమ్‌లోంచి ఒక్కో ఎడిషన్‌ను 32 బిట్ విమ్‌లోకి ఎగుమతి చెయ్యాలి. నల్ల కిటికీలో శాతాలు ఒక్కొక్కటే పెరుగుతాయి. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికి. నాలుగోది ఎక్కాక చూస్తే మొత్తం సైజు నేను భయపడినంత పెరగలేదు. 32 బిట్ ప్రోగ్రాములు నడవడానికి 64 బిట్ విండోస్ తన లోపల 32 బిట్ ఫైళ్ళను కూడా మోస్తుంది. వాటిలో చాలావరకు ముందే కుప్పలో ఉన్నాయి. తొమ్మిదీ 4.7 జీబీ డీవీడీలో అంచుల దాకా వచ్చి సర్దుకున్నాయి. 32 బిట్ సెటప్‌తో లేపితే తొమ్మిదిలో ఏదైనా వేసుకోవచ్చు. దోస్తుకు మొదటి కాపీ ఇచ్చాను. వాడు రెక్సిన్ బ్యాగు ఇంట్లో పెట్టేసి, ఆ ఒక్క డిస్కును చొక్కా జేబులోంచి సగం బయటికి కనబడేట్టు పెట్టుకుని తిరిగాడు.

జూన్‌లో నాకొక పని దొరికింది. ఒకచోట ముప్పై కంప్యూటర్ల ల్యాబ్‌కు విండోస్ వెయ్యాలి. సెటప్ ప్రశ్నలు అడుగుతుంది. భాష ఏది, షరతులకు ఒప్పుకుంటావా, ఏ ఎడిషన్, ఏ డ్రైవ్‌లో, పేరేంటి, టైమెంత. ముప్పై మెషీన్ల ముందు కూర్చుని ముప్పైసార్లు అవే జవాబులు. దీనికి మందుంది. ఆటోఅన్‌అటెండ్ డాట్ ఎక్స్ఎంఎల్ అని ఒక ఫైల్లో జవాబులన్నీ ముందే రాసి డిస్కులో పైనే పెడితే, సెటప్ దాన్ని తనంతట తానే వెతుక్కుని చదువుకుంటుంది, మనల్ని అడగదు. ఆ ల్యాబ్ మెషీన్లలో సీ డ్రైవ్‌లో, డీ డ్రైవ్‌లో, అంతటా వైరస్‌లు. మొత్తం డిస్కు తుడిచేసి కొత్తగా మొదలుపెట్టడమే మేలనుకున్నారు. అందుకు కూడా ఒక లైనుంది. విల్‌వైప్‌డిస్క్ అన్న మాట పక్కన ట్రూ అని రాస్తే చాలు. రాశాను. కొన్ని మెషీన్లకు 32 బిట్, కొన్నిటికి 64 బిట్ కావాలి కాబట్టి ఏ ఎడిషన్ అన్న ప్రశ్న ఒక్కటి ఉంచాను. మిగతావన్నీ తీసేశాను.

ముప్పై మెషీన్లూ ఒక్క రోజులో అయిపోయాయి. పైసలొచ్చాయి. మా అమ్మకు చీర కొన్నాను. ఇంట్లో నా కంప్యూటర్‌లో ఆ డిస్కు తాలూకు ఫోల్డర్‌లో ఆ ఎక్స్ఎంఎల్ ఫైలు అట్లనే ఉండిపోయింది. జులైలో దోస్తు వచ్చి, "డిస్కు గీతలు పడ్డది, ఇంకోటి కొట్టియ్యిరా" అన్నాడు. కొట్టిచ్చాను.

మా ఊళ్ళో ఒక సారు ఉండేవారు. హైస్కూల్లో మాకు తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఆయనకో పిచ్చి ఉండేది. ఎవరు మాట్లాడుతున్నా మధ్యలో ఆపి, "ఏమన్నవ్? మళ్ల అను" అనేవారు. జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి రాసుకునేవారు. మా దిక్కు మాటలు పోగుచేస్తుండేవారు. తాండూరు దాటితే కర్ణాటక. అటు సేడం, ఇటు చించోళి. ఊళ్ళో తెలుగు, సంతలో కన్నడం, బండల ఫ్యాక్టరీల్లో ఉర్దూ. ఒక్కో మాట ఊరూరికీ కొంచెం కొంచెం మారుతుంది. మేం ఉల్లిగడ్డ అంటాం. కొన్ని ఊళ్ళలో ఉల్లాగడ్డ. సరిహద్దు దాటితే ఉళ్ళాగడ్డి. మా నాయిన రోజంతా పాలిష్ పట్టే బండనే ఒకరు నాపరాయి అంటారు, ఒకరు షాబాదు బండ అంటారు, ఇంకొకరు ఫర్శి అంటారు. సారు ఒక పేజీకి ఒక మాట రాసి, దాని కింద ఏ ఊళ్ళో ఎలా అంటారో, ఎవరు చెప్పారో, ఏం చేస్తూ చెప్పారో రాసేవారు.

2009లో ఆయన కొడుకు హైదరాబాదు నుంచి పాత కంప్యూటర్ ఒకటి తెచ్చిచ్చాడు. ఎక్స్‌పీ. తెలుగు తెరిస్తే డబ్బాలు డబ్బాలు. ఎక్స్‌పీలో తెలుగు సరిగ్గా కనబడాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో భాషల దగ్గరికి పోయి ఒక గడిలో టిక్కు పెట్టాలి. అప్పుడది విండోస్ సీడీ పెట్టమంటుంది. ఆ టిక్కు పెట్టి, సీడీ వేసి, గౌతమి ఫాంట్‌లో ఆయన పేరు తెర మీద చూపించింది నేనే. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. రెండేళ్ళు ఒక్కో వేలితో టైపు చేసుకుంటూ పోయారు. మొదట్లో నోట్‌బుక్కులోంచి ఎక్కించేవారు. తర్వాత్తర్వాత చేతులు వణకడం వల్ల రాయడం కష్టమై, విన్నదాన్ని గుర్తుపెట్టుకుని ఇంటికొచ్చి నేరుగా కంప్యూటర్‌లోనే కొట్టేవారు.

2011 ఆగస్టులో సారు కనబడి, కంప్యూటర్ బాగా నెమ్మదైందన్నారు. నేను ఆగకుండా చెప్పుకుపోయాను. విండోస్ 7లో తెలుగు కోసం ఏ టిక్కూ పెట్టక్కర్లేదు, మొదటి నుంచే ఉంటుంది, వాణి అని కొత్త ఫాంటు కూడా వచ్చింది, చూడటానికి బాగుంటుంది అని.

"నా మాటలన్నీ ఉన్నయ్ గద దాంట్ల. ఏం గాదు గద?" అన్నారు.

"యాడ పెట్టిన్రు సార్?"

"డీ డ్రైవ్‌లనే. నువ్వే చెప్తివి గద."

"డీ డ్రైవ్‌ల పెడితే ఏం గాదు సార్," అన్నాను.

అది నా ఒక్కడి మాట కాదు. మన దేశంలో కంప్యూటర్ ముట్టుకున్న ప్రతివాడికీ అది తెలుసు. విండోస్ ఉండేది సీలో, ఫార్మాట్ చేసేది సీని. పెళ్ళి ఫొటోలు, పాటలు, పిల్లల ప్రాజెక్టులు అన్నీ డీలో పెట్టుకుంటే భద్రం. సెటప్ ఏ డ్రైవ్‌లో వెయ్యమంటావని అడుగుతుంది కాబట్టి, మనం సీ చూపిస్తాం కాబట్టి ఆ మాట నిజమవుతూ వచ్చింది.

నాకు ఆ వారం ఇంటర్నల్ పరీక్షలు. దోస్తును పంపాను. వాడు చెప్పినదాన్ని బట్టి జరిగింది ఇది. డిస్కు వేశాడు. తొమ్మిది పేర్లు వచ్చాయి. సారుకు చూపించి, "మీకు అల్టిమేటే ఏస్త సార్" అన్నాడు. నొక్కాడు. ఆ తర్వాత రావాల్సిన ప్రశ్న రాలేదు. నేరుగా ఫైళ్ళు ఎక్కడం మొదలైంది. కొత్త డిస్కు కదా, ఇంకా తేలిక చేసినట్టున్నాడు అనుకున్నాడట నా గురించి. అయిపోయాక చూస్తే డ్రైవ్ ఒక్కటే ఉంది. డీ కనబడకపోతే, ఏదో అక్షరం మారిందేమో అనుకుని, ఉన్నదాన్ని చీల్చి కొత్త డీ చేశాడు. ఆ రోజుల్లో రిపేర్ చేసినవాళ్ళు పోతూ పోతూ డీలో పాటలు, సినిమాలు నింపిపోయేవాళ్ళు. అదొక మర్యాద. సారుకు పాత పాటలంటే ఇష్టమని, తన హార్డ్‌డిస్కులోంచి నలభై జీబీల పాటలు, సినిమాలు ఎక్కించాడు. హార్డ్‌డిస్కు మొత్తం ఎనభై జీబీ. సారు చాయ్ తెచ్చిచ్చి, కూర్చుని, "నా మాటల ఫోల్డర్ తియ్యి బిడ్డా" అన్నారు.

నాకు ఫోన్ వచ్చినప్పుడు కాలేజీ మెట్ల మీద ఉన్నాను. వాడు "డీ పోయిందిరా" అనగానే నాకు తెలిసిపోయింది. ఆ ఫైలు, ఆ లైను, ఆ మాట పక్కన ట్రూ, అన్నీ కళ్ళముందు కనబడ్డాయి.

బస్సెక్కి పోయాను. సారు ఇంట్లో మంచం మీద కూర్చుని ఉన్నారు. దోస్తు చెమటలు కక్కుతున్నాడు. డిస్కు బయటికి తీసి చూస్తున్నట్టు నటించి సంచిలో వేసుకున్నాను. సారు వింటుండగా, వాడి మొహం చూడకుండా అన్నాను: "ఏమోరా, నువ్వు తప్పు పార్టిషన్ డిలీట్ చేసినట్టున్నవ్."

వాడు నోరు తెరిచాడు. ఏమీ అనలేదు. నాకంటే తనకే తక్కువ తెలుసని వాడి నమ్మకం. తను నొక్కని బటన్‌ను తనే నొక్కాడేమోనని వాడికే అనుమానం వచ్చింది. ఆ అనుమానం వాడి మొహంలోకి రావడం నేను చూశాను.

హార్డ్‌డిస్కు ఊడదీసి ఇంటికి తీసుకుపోయి, ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో మూడు రాత్రులు వెతికాను. విండోస్ వేసి ఆపేసి ఉంటే పాత డీ చాలావరకు దొరికేది. వాటి మీద పాటలు వచ్చి కూర్చున్నాయి. పేర్లు పోయి నంబర్లు మిగిలిన ఫైళ్ళు కొన్ని దొరికాయి. తెరిస్తే ఒక మాట మొదలై సగంలో తెగిపోయి, దాని తర్వాత అంతా గీతలూ డబ్బాలూ.

సారు ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. అయినా చిన్న ఊరు. వార్త తాండూరు షాపు దాకా పోయింది. పంతులుగారి రెండేళ్ళ పని తుడిచేసిన పిల్లగాడని పేరు పడ్డాక కస్టమర్లు వాడి చేతికి మెషీన్ ఇవ్వడానికి వెనకాడారు. నెల తిరక్కముందే ఓనరు వాణ్ణి మానిపించాడు.

సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. కాలేజీల్లేవు, బస్సుల్లేవు. నేను సారు ఇంటికి పోయి, నోట్‌బుక్కులు ఇవ్వండి, మళ్ళీ ఎక్కిస్తానన్నాను. నలభై రెండు రోజులు సాగింది సమ్మె. సింగరేణిలో బొగ్గు ఆగడంతో కరెంటు కోతలు పెరిగాయి. కరెంటున్నంతసేపు టైపు చేసేవాణ్ణి. పోయినప్పుడు అరుగు మీద కూర్చుని సారు చదువుతుంటే వినేవాణ్ణి. బయట రోడ్డు మీద డప్పులు, ధూంధాం పాటలు. అప్పటిదాకా తెలుగు నాకొక సబ్జెక్టు. మా అమ్మ మాట్లాడేది తెలుగు కాదని, పుస్తకంలో ఉండేదే తెలుగని అనుకునేవాణ్ణి. సారు పేజీల్లో మా అమ్మ మాటలున్నాయి. దూప, మొగులు, తొవ్వ, యాది. ఒక పేజీలో చెప్పినవాళ్ళ దగ్గర మా నాయిన పేరుంది. బండలు మోస్తూ చెప్పాడని రాసి ఉంది.

"ఇన్ని తీర్ల అంటరు గద సార్, అసలుది ఏది?" అని అడిగానొకరోజు.

"అన్నీ అసలువే. మనం ఏది పైన రాస్తమో అదే అసలుది అనుకుంటరు జనం. అందుకే నేను పేజీ పైన ఏది రాయాల్నో తెల్వక సగం పేజీలు ఖాళీ వదిలిన," అన్నారు.

నాకు విమ్ ఫైలు గుర్తొచ్చింది. ఒకే కుప్ప, అయిదు జాబితాలు, పైన ఒక చిన్న ఫైలు కూర్చుని ఒక్కదాని పేరే చూపించడం. చెబుదామని నోటిదాకా వచ్చి, దాని వెనకే ఇంకో ఫైలు గుర్తొచ్చి ఆగిపోయాను.

నోట్‌బుక్కుల్లో ఉన్నవన్నీ తిరిగి ఎక్కాయి. నేరుగా కంప్యూటర్‌లో కొట్టినవి ఎక్కలేదు. వాటిల్లో ఒకావిడ చెప్పినవి ఉన్నాయి. కంది చేలల్లో కలుపు తీసేవాళ్ళలో పెద్దావిడ. ఎండాకాలం చివర ఒక మధ్యాహ్నమంతా కూర్చుని చెప్పిందట. ముప్పై రెండు మాటలని సారుకు లెక్క గుర్తుంది. పంట గురించి, ఆడవాళ్ళ నొప్పుల గురించి. నాలుగైదు గుర్తు తెచ్చుకున్నారు. మళ్ళీ అడుగుదామంటే ఆవిడ ఆ వానాకాలంలోనే పోయింది. మిగతా మాటలేవో ఎవరికీ తెలీదు. పోయినవాటి జాబితా కూడా లేదు.

ఆ లెక్క విన్న రోజు సాయంత్రం కరెంటు లేదు. చీకట్లో మొహాలు కనబడవు. మొత్తం చెప్పేశాను. ల్యాబు, ఎక్స్ఎంఎల్ ఫైలు, తీసేసిన ప్రశ్న, దోస్తు మీద వేసిన మాట. సారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒక్కటే అడిగారు.

"వానికి చెప్పినవా?"

"లే సార్."

"చెప్పు."

అంతకుమించి ఆయన ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. ఆయన చివరిదాకా నాతో మామూలుగానే ఉన్నారు. ఆయన మాటల ఫైలు ఇప్పుడు నా దగ్గర మూడు చోట్ల ఉంది. ముప్పై రెండు మాటల పేజీకి ఆవిడ పేరు పెట్టి, గుర్తొచ్చిన నాలుగైదు రాసి, మిగతా నంబర్లు ఖాళీగా ఉంచాం.

నేను దోస్తుకు చెప్పలేదు. మొదట సిగ్గు. తర్వాత నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, చెప్తే గొప్పలకు పోయినట్టుంటుందనిపించింది. ఆ తర్వాత చాలా ఏళ్ళైంది కదా, ఇప్పుడెందుకు అనిపించింది. నా పని ఇప్పటికీ అదే రకం. వందల సర్వర్లకు ఒకేసారి సిస్టమ్ ఎక్కించే స్క్రిప్టులు రాయడం. డీవీడీల కాలం పోయింది గానీ ఆ జవాబుల ఫైలు వేరే వేరే పేర్లతో బతికే ఉంది. నేను రాసే ఏ స్క్రిప్టులోనైనా డిస్కు చెరిపే లైనుకు ముందు ఆగి, ఏ డిస్కో పేరు చూపించి, ఆ పేరు చేత్తో టైపు చేస్తే తప్ప ముందుకు పోకుండా పెడతాను. కొత్తగా చేరిన పిల్లలు విసుక్కుంటారు, ఆటోమేషన్ అంటే అడగకుండా చెయ్యడమే కదా అని. ఏ ప్రశ్న తీసెయ్యాలో, ఏది ఉంచాలో వాళ్ళకు చెప్పబోయి ప్రతిసారీ సగంలో ఆపేస్తాను. పూర్తిగా చెప్పాలంటే దోస్తు సంగతి చెప్పాలి.

2024 జనవరిలో సంక్రాంతికి ఊరికి పోయాను. వాడిప్పుడు బండల లారీ నడుపుతాడు. ఇంట్లో కంది కొట్టుకుని వాకిట్లో పోసుకున్నారు. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చాక రేటు ఏమన్నా పెరిగిందా అని అడిగాను. వాడు నవ్వి, ఆ గుర్తింపు మా సంచి మీదికి ఇంకా రాలేదన్నాడు. కుప్ప పక్కన రెండు కుర్చీలేసుకుని కూర్చున్నాం. అప్పుడు చెప్పాను. పన్నెండేళ్ళ నాటి ఎక్స్ఎంఎల్ ఫైలును లారీ నడిపే మనిషికి ఎలా చెప్పాలా అని దారిపొడవునా మాటలు కూడబలుక్కున్నాను. అవసరం పడలేదు. వాడికి అన్నీ గుర్తున్నాయి.

"అంటే నేను ఏం డిలీట్ చెయ్యలే," అన్నాడు.

"చెయ్యలే."

వాడు వంగి, కందుల్లోంచి ఒక పుల్ల ఏరి పక్కకు పారేశాడు. ఇంకోటి ఏరాడు.

"గప్పుడే చెప్తే నా నౌకరి ఉంటుండె గదరా," అన్నాడు. కోపంగా అనలేదు. లెక్క చూసుకుంటున్న మనిషిలా అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. కాసేపటికి లోపల్నుంచి వాళ్ళావిడ అన్నానికి పిలిచింది. వాడు లేచి కాళ్ళూ చేతులూ కడుక్కుని, చెంబు నా చేతికిచ్చి, "దా, తిందాం" అన్నాడు.